జీడితోటలో ఇరవై ఏడు మీటర్ల లోతు

గంగడిపాలెం రేవుకి ఎదురుగా రత్నమాల అనే సరుకుల ఓడని ముంచిన రోజున ఊరు ఊరంతా పడవలెక్కి చూడ్డానికి వెళ్ళింది, ఒక్క నీలకంఠం గారు తప్ప. ముంచింది ఆయనే.

ఆయన పూర్తి పేరు తటవర్తి నీలకంఠం. సాగరగర్భ పర్యాటక సంస్థకి డిప్యూటీ డైరెక్టరు. ఇరవై రెండేళ్ళుగా సముద్రం పేరు చెప్పుకుని ఉద్యోగం చేస్తున్నా, పడవ మాటెత్తితే చాలు, పాపం, ఆయనకి కడుపులో తిప్పుతుంది. అందుకని పొద్దున్నే సొండికొండ ఎక్కి, బొద్దపు సన్యాసమ్మ జీడితోటలో మంచి నీడ చూసి కుర్చీ వేయించుకుని, కళ్ళకి దుర్భిణి పెట్టుకుని కూర్చున్నారు. ఆరు కిలోమీటర్ల అవతల వంద మీటర్ల ఓడ ముక్కు పైకెత్తి, బుడగలు కక్కుతూ నీళ్ళలోకి జారిపోయింది. సరిగ్గా ఆ క్షణంలో ఆయన చేతిలోని, చోటు గుర్తుపట్టే యంత్రం మీద మీట నొక్కారు. ఓడ మునిగిన చోటు నమోదైపోయింది. అయితే యంత్రానికి దుర్భిణి లేదు కదా! అది తానున్న చోటునే రాసుకుంది. కింద కాగితం మీద నీలకంఠం గారు, "స్వయంగా ఘటనాస్థలంలో ఉండి, కళ్ళారా చూసి నమోదు చేశాను" అని సంతకం పెట్టారు.

ఆ ఓడని ఎందుకు ముంచారంటారా? అక్కడ సముద్రం అడుగంతా ఉత్త ఇసుక. ఇసుకలో చేపకి ఇల్లేది, వాకిలేది? పాత ఓడని శుభ్రంగా కడిగి, నూనె వదిలించి, అడుగుకి దింపితే దాన్ని నాచూ నత్తలూ పగడాలూ పట్టుకుంటాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు వచ్చి కాపురాలు పెడతాయి. వాటన్నిటినీ చూడ్డానికి గాలి సిలిండరు వీపుకి కట్టుకుని మనుషులు దిగుతారు. నిజం చెప్పొద్దూ, పథకం మంచిదే. మూడేళ్ళు తిరిగేసరికి ఓడ నిండా చేపలు కూడా వచ్చేశాయి. వాటికి కాగితాలతో పని లేదు గనక సరైన చోటుకే వచ్చాయి.

మనుషుల్ని దింపే పని చోడిపల్లి ఎల్లాజీది. జాలరి బిడ్డ. అంతకుముందు పదకొండేళ్ళు గుజరాత్‌లోని వేరావల్ వెళ్ళి పరాయి బోట్ల మీద చేపలు పట్టాడు. ఒక ఏడు బోటు సరిహద్దు గీత దాటిందని అవతలి దేశం వాళ్ళు పట్టుకుపోయి పద్నాలుగు నెలలు జైల్లో పెట్టారు. తిరిగొచ్చిన రోజున పెళ్ళాం కొర్లమ్మ ఏడవలేదు, అరవలేదు. "మళ్ళా ఎల్లాలనుకుంటే నన్ను పాతీసి ఎల్లు" అంది, అంతే. అతను డైవింగు నేర్చుకుని, పరీక్ష పాసై, ఓడ దగ్గరికి జనాన్ని తీసుకెళ్ళే పర్మిట్టు సంపాదించాడు. ఆ పర్మిట్టు ఉన్నన్నాళ్ళూ సాయంత్రానికి ఇంటికొస్తాడు. అది పోతే మళ్ళీ వేరావలే. గంగడిపాలెంలో మూడో దారి లేదు.

ఇలా సాగుతుండగా సంస్థవారికి 'జలసాక్షి' అనే యాప్ మీద మోజు పుట్టింది. ప్రతి డైవ్‌కీ దిగే ముందొకటి, పైకొచ్చాక ఒకటి, ముఖం కనబడేలా ఫొటో తీసి అందులో పెట్టాలి. నమోదైన స్థలానికి వంద మీటర్ల లోపల తీస్తేనే చెల్లుతుంది. ఏప్రిల్ ఇరవై నాటికి ముప్ఫై డైవ్‌లు పూర్తి కావాలి. ముప్ఫయ్యోది అధికారి సమక్షంలో జరగాలి. లేకపోతే పర్మిట్టు రద్దు.

మార్చి పదిహేనున ఎల్లాజీ నలుగురిని పడవెక్కించుకుని ఓడ మీదికి వెళ్ళి, లంగరు వేసి, ఫోను తీసి ఫొటో కొట్టాడు. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే. ఫోను మాత్రం ఎర్రటి అక్షరాలతో, "మీరు సముద్రానికి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. దయచేసి సముద్రంలోకి రండి" అంది.

ఎల్లాజీ ఒకసారి ఫోను వైపు, ఒకసారి సముద్రం వైపు చూశాడు. పడవ అంచు మీంచి చెయ్యి ముంచి నాలిక్కి రాసుకున్నాడు. ఉప్పగానే ఉంది.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళాడు. నీలకంఠం గారు గోడమీది పటంలో పచ్చటి కొండమీద గుచ్చిన ఎర్ర గుండుసూదిని చూశారు. ఆయనకి అర్థమైంది. అర్థమైందని ఒప్పుకుంటే, ఆ రోజు తాను ఘటనాస్థలంలో లేనని కూడా ఒప్పుకోవాలి.

"చూడు ఎల్లాజీ, సంస్థ దృష్టిలో సముద్రమనేది నీళ్ళున్న చోటు కాదు, నమోదైన చోటు" అన్నారు. "నీళ్ళదేముంది, వస్తుంటాయి, పోతుంటాయి. నమోదు అలాంటిది కాదు."

"బాబూ, అది సన్యాసమ్మ మామ్మ జీడితోట. అక్కడ దిగడానికి నీళ్ళేవి?"

"నీళ్ళు లేవని ఎలా నిర్ధారించావు? సదరు స్థలంలో దిగావా?"

"నీళ్ళు నేకుండా ఎలగ దిగీది బాబూ?"

"దిగకుండా నీళ్ళు లేవని ఎలా చెబుతావు?" నీలకంఠం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ముందు నిబంధనల ప్రకారం ముప్ఫై డైవ్‌లు పూర్తి చెయ్యి. ఆనక డైవింగుకి అసౌకర్యంగా ఉందని అర్జీ పెట్టుకో. సానుభూతితో పరిశీలిస్తాం."

దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టుంది వ్యవహారం. కాని కట్టెయ్యకపోతే వేరావల్ రైలెక్కాలి. ఎల్లాజీ కట్టేశాడు. పొద్దున్నే జనాన్ని అసలు ఓడ దగ్గరికి తీసుకెళ్ళి, దింపి, చూపించి, పైకి తెచ్చి, తడిబట్టలతోనే ఆటో ఎక్కించి సొండికొండకి తోలుకెళ్ళడం మొదలుపెట్టాడు.

మొదటిరోజు సన్యాసమ్మ చేతిలో కాయలు కోసే దోటితో పరుగెత్తుకొచ్చింది. డెబ్బై ఏళ్ళ మనిషి. జీడిపిక్కలు రాల్చుకుంటుంటే చెట్ల మధ్య నుంచి నల్లటి రబ్బరు బట్టలు, ముఖాలకి అద్దాలు, కాళ్ళకి బాతు పాదాలు తగిలించుకున్న అయిదుగురు నడిచొస్తుంటే ఎవరికైనా గుండె ఆగుతుంది.

"ఓలమ్మో! ఎవుల్రా మీరు? దొంగలైతే దొంగల్నాగ రండర్రా, ఈ యేసాలేటి?"

"మామ్మా, నాను. జాలరిపేట ఎల్లాజీని."

"నువ్వా! ఏటి సేస్తన్నార్రా నా తోటలో?"

"సముద్రంలో దిగతన్నాం మామ్మా" అన్నాడు ఎల్లాజీ. ఇంకెలా చెప్పాలో తెలియలేదు అతనికి.

యాప్ ఊరికే ఫొటోతో వదిలిపెట్టదు. అద్దం పెట్టుకోవాలి, గాలి గొట్టం నోట్లో ఉండాలి, చెట్టు కింద ఇరవై నిమిషాలు నిలబడాలి, లోతు ఎంతో రాయాలి. నమోదులో ఇరవై ఏడు మీటర్లుంది కనక ఎల్లాజీ ఇరవై ఏడే రాసేవాడు. పైకొచ్చేటప్పుడు అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలని ఇంకో నిబంధన. సముద్రంలో అది ప్రాణాలు కాపాడే నిబంధనే, కాదనను. తోటలో మాత్రం, ఆటో కొండ కింద ఉంటే, 'పైకి' రావడం కోసం అందరూ ఇంకాస్త కొండెక్కి, ఒక రాతి దగ్గర మూడు నిమిషాలు నిలబడి, తర్వాత దిగొచ్చేవారు. అనకాపల్లి నుంచి వచ్చిన ఒక లెక్కల మాస్టారు ఆ రాతి మీద కూర్చుని, "నాకు పొద్దున చూసిన సముద్రం కంటే ఇదే నచ్చిందయ్యా, చెవులు నొప్పెట్టలేదు" అన్నాడు. సన్యాసమ్మ కూడా అలవాటుపడిపోయింది. వచ్చినవాళ్ళకి జీడిమామిడి పళ్ళు కోసి పెట్టేది. ముఖాన అద్దంతో పండు తినబోయి రసం కార్చుకున్నవాళ్ళని చూసి కడుపుబ్బ నవ్వేది.

ఆ నవ్వు ఏప్రిల్ పదిహేను దాకానే.

అప్పటికి ఎల్లాజీ లెక్క ఇరవై అయిదు డైవ్‌లకి చేరింది. ఇన్ని డైవ్‌లు జరిగాయంటే అక్కడ చేపలు విస్తారంగా ఉండి తీరాలని యాప్‌కి తోచింది. దానంతట అదే ఆ చోటుని 'సజీవ మత్స్య ఆవాసం'గా ప్రకటించేసింది. చుట్టూ అర కిలోమీటరు రక్షిత సముద్రమైపోయింది. ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా, చేపలు గుడ్లు పెట్టే కాలమని, తీరమంతా వేట నిషేధం ఉండనే ఉంది. ఆ నిషేధం ఇప్పుడు కొండెక్కింది. జీడి కోత సరిగ్గా ఆ రోజుల్లోనే.

సన్యాసమ్మ గుమ్మానికి నోటీసు అంటించారు. ఆమె దాన్ని పీకి ఎల్లాజీ ఇంటికి తెచ్చింది. అతను కూడబలుక్కుని చదివాడు: "రక్షిత సముద్ర జలాలలో నిషేధ కాలమందు అనుమతి లేని వేట పరికరముతో, అనగా ఒక దోటితో, సముద్ర సంపదను తరలించుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఇకపై ఒక్క పిక్క కదిలినను పరికరము స్వాధీనపరచుకొని, చట్టరీత్యా చర్య గైకొనబడును."

"ఏట్రా ఇది? నా తోటలో నాకు యాట నిషేదమేట్రా?" సన్యాసమ్మ గుమ్మంలోనే కూలబడింది. "ఏడాదికోపాలి వొచ్చే పంటరా బాబూ! పిక్కలు రాలి మట్టిలో కలిసిపోతన్నాయి. మీరొచ్చి నిలబడితే ఏదో ఆటనుకున్నాను. ఇలగ సముద్రాన్ని మోసుకొచ్చి నా నెత్తిన పోస్తారనుకోనేదు."

ఎల్లాజీ తలెత్తలేకపోయాడు. సముద్రాన్ని కొండకి మోసింది నీలకంఠం గారైతే, రోజూ ఫొటోలు కొట్టి దాన్ని నింపింది తనే. సిగ్గుతో చచ్చిపోయాడు.

అయినా ఆగలేదు. ఆగితే ఏం జరుగుతుందో అతనికి తెలుసు. పంతొమ్మిదో తారీఖుకి ఇరవై తొమ్మిది పూర్తయ్యాయి. మధ్యాహ్నం కొర్లమ్మ ఎండబెట్టిన నెత్తళ్ళు తిరగేస్తుంటే పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"రేపు ముప్ఫయ్యోది కొడితే పర్మిట్టు ఉంటాది. మామ్మ తోట మాత్రం, అధికారి సంతకం పడిపోయి, కలకాలం సముద్రమైపోద్ది. కొట్టకపోతే మామ్మ బతుకుతాది, నాను వేరావల్ ఎల్లాల. ఏటి సెయ్యాలో తెలీడం నేదే."

కొర్లమ్మ చేపలు తిరగేస్తూనే ఉంది. "రేపు ఆ నీలకంఠం బాబు కూడా వొత్తాడు గదా?"

"రావాల. ఆరి ముందరే జరగాల."

"అయితే ఆరిని కూడా దింపు మావా. అంతా నువ్వొక్కడివే దిగాలేటి? సముద్రమైతే ములగాల. తోటైతే ఒప్పుకోవాల."

ఎల్లాజీ పెళ్ళాం ముఖంలోకి చూశాడు. నెల రోజుల తరవాత మొదటిసారి నవ్వొచ్చింది అతనికి.

ఇరవయ్యో తారీఖు ఉదయం సొండికొండ మీదికి ట్రాక్టరొచ్చింది. ట్రాక్టరు మీద పడవ. డైవ్ జరిగే చోట రక్షణ పడవ సిద్ధంగా ఉండాలని నిబంధన. దాని వెనక జీపులో, ఇస్త్రీ చొక్కా మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు తొడుక్కుని, నీలకంఠం గారు. కూడా వచ్చిన ఇద్దరు గుమాస్తాలు నీళ్ళ మీద తేలాల్సిన ఎర్ర బోయాని జీడిచెట్టు కొమ్మకి వేలాడదీశారు. సన్యాసమ్మ దూరంగా, రాలిపోయిన పిక్కల మధ్య నిలబడి, చేతులు కట్టుకుని చూస్తోంది.

నీలకంఠం గారు చెట్టు నీడలోకి వచ్చి కాగితాలు తీశారు. "అలల ఉద్ధృతి?"

"నేదు బాబూ."

"లేదు అని రాయకూడదు. 'నియంత్రణలో ఉన్నది.' నీటి స్వచ్ఛత? ఎంత దూరం కనబడుతోంది?"

"కింద రైలు గేటు దాకా కనబడతంది."

"అద్భుతం." రాసుకున్నారు. "నేను ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత స్వచ్ఛమైన జలాలు చూడలేదు. ఊఁ, కానియ్యి."

ఎల్లాజీ సిలిండరు కట్టుకుని, అద్దం తగిలించుకుని, ఫోను పైకెత్తాడు. "బాబూ, మీరు కూడా పక్కన నిలబడండి. రికార్డులో మీ మొకం ఉంటే దాని గౌరవమే వేరు."

ఫొటో అంటే నీలకంఠం గారికి ప్రాణం. జాకెట్టు సవరించుకుని నిలబడ్డారు. యాప్ రెండు ముఖాల్నీ గుర్తుపట్టింది. పేర్లు రాసింది. నీటిలో ఉన్నవారు ఇద్దరు అంది. తరవాత ప్రశ్నలు మొదలుపెట్టింది.

"లోతెంత అంటంది బాబూ."

"ఇరవై ఏడు మీటర్లు. రికార్డులో ఉన్నదే రాయి."

"మీకు సిలిండరుందా అని అడగతంది. ఏటి రాయమంటారు?"

"ఉన్నది ఉన్నట్టు రాయవయ్యా! రికార్డు అబద్ధమాడకూడదు. నాకెందుకు సిలిండరు? లేదు అని రాయి."

"గాలి గొట్టం?"

"లేదు."

ఎల్లాజీ లేదు అని నొక్కాడు. చెట్టు కింద ఇరవై నిమిషాలు గడిచాయి. ఆ ఇరవై నిమిషాలూ నీలకంఠం గారు సముద్ర సంరక్షణ గురించి గుమాస్తాలకి ఉపన్యాసం ఇచ్చారు. తరవాత భోజనం వేళైందని జీపెక్కి వెళ్ళిపోయారు. ఎల్లాజీ నియమం తప్పకుండా ఇంకాస్త కొండెక్కి, రాతి దగ్గర మూడు నిమిషాలు ఆగి, బయటికొచ్చినట్టు తన ముఖం ఫొటో పెట్టాడు. యాప్ అతన్ని అభినందించింది. ముప్ఫై పూర్తయ్యాయి. రెండో మనిషి కోసం మాత్రం అది కాచుకుని కూర్చుంది.

గంట దాటింది. సిలిండరూ గొట్టమూ లేని మనిషి ఇరవై ఏడు మీటర్ల లోతు నుంచి బయటికి రాలేదు. యాప్ గోలపెట్టింది. మూడింటికల్లా సైరన్లు మోగించుకుంటూ రక్షకదళం సొండికొండ ఎక్కింది. వాళ్ళకి అందిన ఆదేశం వెతకమని. వెతికారు. చెట్టు చెట్టు కిందా చూశారు. సాయంత్రానికి, "మృతదేహం లభ్యం కాలేదు. ప్రవాహానికి కొట్టుకుపోయి ఉండవచ్చును" అని రాసిచ్చి వెళ్ళిపోయారు. అదే సమయానికి నీలకంఠం గారు ఇంట్లో మజ్జిగ తాగి కునుకు తీస్తున్నారు.

మర్నాడు ఆఫీసులో హాజరు యంత్రం ఆయన ముఖాన్ని ఒప్పుకోలేదు. "ఈ ఉద్యోగి నీటిలో ఉన్నారు" అంది. లోపలికెళ్తే ఆయన కుర్చీలో ఇన్‌ఛార్జి కూర్చుని ఉన్నాడు. బల్ల మీద ఆయన ఫొటో, దానికి బంతిపూల దండ. గుమాస్తాలు రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నారు. నీలకంఠం గారు ఏం జరుగుతోందని గట్టిగా అడిగితే, "ష్!" అన్నారు.

పరుగున డైరెక్టరమ్మ గారి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ ఫైలు మీంచి తలెత్తలేదు.

"మీ అకాల మరణం సంస్థకి తీరని లోటు" అంది ఆవిడ.

"మేడమ్, నేను బతికే ఉన్నాను! మీ ఎదురుగా నిలబడ్డాను!"

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం. మీరు ఇరవై ఏడు మీటర్ల లోతులో, శ్వాస పరికరాలు లేకుండా దిగినట్టు ఫొటో ఉంది. బయటికొచ్చినట్టు లేదు. ఎలా బతికారు?"

నీలకంఠం గారు "ప్రాణాయామం" అన్నారు.

"డాక్టరు సర్టిఫికెట్టు జతపరచండి."

ఏ డాక్టరూ ఇవ్వలేదు. మూడు రోజులు తిరిగారు. ఇన్‌ఛార్జి ఆయన పెన్నుతోనే సంతకాలు చేస్తున్నాడు. ఇంటి దగ్గర భార్య, "ఆఫీసు నుంచి పన్నెండో రోజు ఎప్పుడని అడుగుతున్నారండీ, ఏం చెప్పను?" అని ఏడ్చింది. నాలుగో రోజు డైరెక్టరమ్మ గారు దయతలచి దారి చూపింది. "మార్గాలు రెండే నీలకంఠం గారూ. అక్కడ సముద్రం ఉంటే మీరు లేరు. మీరు ఉంటే అక్కడ సముద్రం లేదు. ఏది కావాలో రాసివ్వండి."

నీలకంఠం గారు రాశారు: "సొండికొండ మీద సముద్రము లేదు. ఎన్నడును లేదు." సంతకం పెట్టగానే బతికారు.

ఆ కాగితం నకలు పట్టుకుని సన్యాసమ్మ ఆ సాయంత్రమే దోటి తీసింది. ఎల్లాజీ, కొర్లమ్మ ఇద్దరూ వెళ్ళి పొద్దుపోయేదాకా పిక్కలేరారు. "నీ సముద్రం ఇంకిపోనాదిరా ఎల్లాజీ!" అని చెట్టు కింద నుంచి కేక వేసింది ముసలమ్మ, పళ్ళు లేని నోటితో నవ్వుతూ.

సంస్థవారికి ఇంకో చిక్కొచ్చి పడింది. ఓడని సొండికొండ మీద ముంచినట్టు ప్రత్యక్ష సాక్షి సంతకం ఉంది. అక్కడ సముద్రం లేదని అదే సాక్షి సంతకం ఉంది. మరి వంద మీటర్ల ఓడ ఏమైనట్టు? అయిదుగురు సభ్యుల సంఘం నెల రోజులు మథనపడి, ఓడ గల్లంతైందని తేల్చింది. దాన్ని సముద్రమంతా గాలించి పట్టుకునే బాధ్యత ఎవరికివ్వాలి? ముప్ఫై డైవ్‌ల అనుభవం, స్వచ్ఛమైన రికార్డు ఉన్నవాడు ఒక్కడే. ఎల్లాజీ పర్మిట్టుని 'గాలింపు పర్మిట్టు'గా మార్చి, ఓడ దొరికేవరకు చెల్లుతుందని రాసిచ్చారు. ఓడ ఎక్కడుందో తెలియదు కనక, సముద్రంలో ఎక్కడ ఫొటో తీసినా జలసాక్షి ఒప్పుకుని తీరాలి. గాలింపులో సాయానికి నలుగురేసి సందర్శకుల్ని తీసుకెళ్ళొచ్చునని కూడా అందులో ఉంది.

ఇప్పుడు వారానికోసారి ఫోనొస్తుంది. మొన్న ఎల్లాజీ ఓడ మీద లంగరు వేసి, నలుగురికి సిలిండర్లు బిగిస్తుండగా వచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. పడవ అంచు మీంచి చూస్తే లోతున ఓడ చీకటిగా, పొడుగ్గా, దాని మీద వెండి పొడి చల్లినట్టు చేపల గుంపు కనబడుతోంది.

"ఏమయ్యా ఎల్లాజీ, ఓడ జాడ తెలిసిందా?" అన్నారు నీలకంఠం గారు.

"ఇంకా నేదు బాబూ. ఎతుకుతన్నాం."

"శ్రద్ధగా వెతుకు. కనబడగానే నాకు చెప్పు. ఈసారి చోటు పక్కాగా నమోదు చెయ్యాలి."

"అలాగే బాబూ. సముద్రం మరీ పెద్దది గదా, టయిం పడతాది" అని ఎల్లాజీ ఫోను సంచిలో పడేశాడు. అద్దం ముఖానికి లాక్కుని, సందర్శకుల వైపు తిరిగి, "పదండి, ఎతుకుదాం" అని నీళ్ళలోకి వెనక్కి వాలిపోయాడు.